యాడి పొడి మీద నేను వేసిన నింద

జనగామ బస్టాండు దగ్గర మేకల బేరగాడొకడు నన్ను ఆపి చెప్పాడు. "సారూ, యాడి పోయింది, ఎరుకేనా?" అతనిది తరిగొప్పుల అవతలి తండా. నాకు తెలియదన్నాను. ఎట్లా పోయిందని అడిగాను.

"ఏం గాలే. మేకలను తోలుకచ్చింది, గడప మీద కూసున్నది. కోడలు నీళ్ళు తెచ్చేసరికి పానం లేదు. మొన్న బేస్తారం నాడు. నీకెవ్వలు చెప్పలేదా?"

నాకెవరు చెబుతారు? చెప్పించుకునే ముఖం నేను ఎప్పుడో పోగొట్టుకున్నాను. అప్పుడు నా చంకలో ఈ పత్రిక పోయిన నెల సంచిక ఉంది. నాటుకోళ్ళకు మునగాకు పొడి ఎట్లా చేయాలో, ఎంత పెట్టాలో అందులో నేను రాశాను. పక్కన నా ఫొటో. ఆ వ్యాసంలో వాక్యాలు నావి. విషయం మాత్రం ఒక్కటీ నాది కాదు, అంతా ఆ పోయిన మనిషిది. సంపాదకుడు ఈ నెల కూడా దాణా గురించే రాయమన్నాడు. దాణా గురించే రాస్తున్నాను. వేసుకుంటాడో మానుకుంటాడో అతని ఇష్టం.

యాడి అంటే లంబాడి భాషలో అమ్మ. తండా అంతా ఆమెను అట్లాగే పిలిచేది, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. నేను పశువుల దవాఖానాలో కాంపౌండరును. దేవరుప్పులలో కొన్నాళ్ళు, ఆ తర్వాత ఉద్యోగం దిగిపోయేదాకా తరిగొప్పులలో. తండా వాళ్ళు డాక్టరు సారు అనేవారు. నేను కాదని ఒక్కరోజూ చెప్పలేదు. నాకు చదువు పిచ్చి. అద్దె ఇంట్లో పుస్తకాలు తప్ప సామాను ఉండేది కాదు. నేను చదివిన దాంట్లో పదోవంతు చదవని వాళ్ళు నా మీద అధికారులుగా వచ్చారని లోపల ఎప్పుడూ మండుతూ ఉండేది. ఇప్పటికీ ఆ మంట చల్లారలేదు. వాళ్ళకు పశువంటే బర్రె, బర్రె అంటే పాలు. కోడి ఆడవాళ్ళ సొమ్ము గనక ఏ అధికారీ దాని ముఖం చూడలేదు. వాళ్ళను తిట్టడానికి నాకు హక్కుందనుకుంటూ చాలాకాలం బతికాను. ఆ హక్కు ఎంతుందో మీరే తేల్చండి.

మొదట ఆమెను చూసింది తండాలో మేకలకు చిటుకు రోగం టీకాలు వేయడానికి వెళ్ళినప్పుడు. అప్పుడే తెల్లవారింది. ఆమె చెలకలో పుట్ట పక్కన బోర్లించిన పాత కుండను రెండు చేతులతో ఎత్తుకొని వస్తోంది. లోపల తడిపిన గోనెపట్టా ముక్కలు, పేడ. దాని నిండా తెల్లటి చెదలు లుకలుకలాడుతున్నాయి.

"ఏందవ్వా అది?" అన్నాను.

"కోడిపిల్లల నాష్ట సారూ. నువ్వు సాయ దాగినవా? ఇయ్యి తినవు గద, నీకు సాయ పెడ్త."

వాకిట్లో కుండ విదిలించింది. కోడిపిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతూ ఎగబడ్డాయి. పుట్టి పది రోజులైనా ఉండవు, రెక్క మీద అప్పుడే ఈకలు తన్నుకొస్తున్నాయి. పిల్ల ఎదగడానికి మాంసపు మేత కావాలని మా శిక్షణలో చెప్పారు. చేపల పొడి సంచులు చూపించారు. ఆమె దగ్గర సంచీ లేదు. రాత్రి కుండ బోర్లిస్తే పొద్దున మేత దానంతట అదే వచ్చి కూర్చునేది.

ఆమె పొడి సంగతి ఆ తర్వాత తెలిసింది. మునగాకు ఎక్కువ, వేపాకు కొంచెం, పసుపు, ఎల్లిగడ్డ, కాల్చి దంచిన గుడ్డు పెంకులు. ఇవన్నీ కలిపి నూకల్లో చిటికెడు చిటికెడు పెట్టేది. గుడ్డు పెంకు మెత్తబడిన పెట్టకు సున్నపు తేట నీళ్ళలో పోసేది. మేకల కడుపులో ఏలికపాములు పడితే మోదుగ గింజ పొట్టు తీసి నూరి బెల్లంలో పెట్టేది. ఇందులో మంత్రం ఏమీ లేదు. ఆకును నీడన పరిచి, పూటపూటకూ చేత్తో తిరగేస్తూ మూడు నాలుగు రోజులు కాచుకొని కూర్చోవడమే అసలు పని. ఎండలో వేస్తే ఒక్కరోజులో అయిపోతుంది కదా అన్నాను ఒకసారి.

"ఎండల ఎండితె రంగు వోతది. రంగు వోయినంక అది గడ్డే. గడ్డి పెట్టనీకె నేనెందుకు సారూ, కోళ్ళు గడ్డిల తిరుగుతనే ఉన్నయి గద."

పొద్దున కోళ్ళను కప్పిన గంపలు ఎత్తగానే ఆమె కోడి వంక చూసేది కాదు. గంప కింది నేల వంక చూసేది. రెట్ట పలచగా ఉందా, గట్టిగా ఉందా, రంగు ఏమిటి. దాన్నిబట్టి ఆ పూట పొడి వేయాలో మానాలో తేల్చుకునేది. "కోడి మాట్లాడదని అందరంటరు. పొద్దుగాల మాట్లాడుతది సారూ, కింద జూడాలె," అనేది. పొడి ఎక్కువ పెడితే మంచిదనుకొని పిడికెళ్ళ కొద్దీ వేసేవాళ్ళను తిట్టేది. వేప ఎక్కువైతే కోడి నూకలు కూడా ముట్టదు.

ఇంకో మాట చాలాసార్లు అనేది. ఈ స్మృతి అంతా ఆ మాట కోసమే అనుకోండి. "నా పొడి బువ్వసుంటిది సారూ. మందు గాదు. తింటె బలముంటది, గుడ్డు మంచిగొస్తది. కొక్కెరొస్తె నా పొడి ఏం జెయ్యదు. దానికి నీ సూదే." ఎండాకాలంలో వచ్చి, మెడలు తిప్పేసి, ఊరి కోళ్ళన్నిటినీ వారంలో తుడిచిపెట్టే తెగులు కొక్కెర. దానికి టీకా తప్ప మరో దారి లేదు. చదువురాని ఆమె తన పొడి ఎక్కడ ఆగిపోతుందో గీత గీసి చెప్పింది. అన్ని జబ్బులకూ ఒకే సీసా అమ్మే మహానుభావులను ఆ తర్వాత నేను ఎంతమందిని చూశానో.

నేను నోటు పుస్తకం తీసుకెళ్ళి ఆమె అరుగు మీద కూర్చొని రాసుకునేవాడిని. ఆమెకు అది సంబరం. "రాయి సారూ. నాకు రాయరాదు, నోట్లున్నది నాతోనే పోతది. నువ్వు రాస్తె ఉంటది. మా మాటల పేరు గూడ రాయి," అని ఒక్కో ఆకుకు లంబాడి పేరు చెప్పేది. రాయలేదు. తెలుగు పేర్లు చాలనుకున్నాను. ఇప్పుడు గుర్తు చేసుకుందామంటే ఒక్కటీ రావడం లేదు.

ఇక ఆ రోజు సంగతి.

అది జరిగి పదేళ్ళు దాటింది. ఎండలు ముదరకముందే కొక్కెర టీకాలు వేయాలి. తండాలో వేయాలంటే తెల్లవారకముందే చేరాలి, కోళ్ళు గంపల కింద ఉన్నప్పుడు. ఒకసారి వదిలితే చెలకల్లో పడి పోతాయి, పట్టడం ఎవరివల్లా కాదు. నేను వస్తానని యాడి ముందురోజే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. జనగామలో టీకా సీసాలు తీసుకొని, ఐసు ముక్కలు నింపిన ఫ్లాస్కులో పెట్టుకొని, మసక చీకటిలోనే బండి మీద బయల్దేరాను. దారిలో ఒక పటేలు ఇల్లుంది. ఆ ఇంట్లో గోడ నిండా పుస్తకాలు. నేను మాట్లాడితే వినే మనిషి ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. బర్రె ఈనింది, ఒకసారి చూసిపొమ్మని కబురు పెట్టాడు. బర్రెను చూడడానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత ఆయన కొత్తగా తెప్పించిన చరిత్ర పుస్తకం చేతికిచ్చాడు. అందులో ఒక అధ్యాయం తప్పని నేను, కాదని ఆయన. టీలు వచ్చాయి, ఉప్మా వచ్చింది. నేనే గెలిచాను. ఎంత చక్కగా గెలిచానో వాక్యం వాక్యం ఇప్పటికీ చెప్పగలను.

లేచి అరుగు మీదికి వచ్చేసరికి అక్కడ పెట్టిన ఫ్లాస్కు మీద ఎండ పడుతోంది. మూత నేను సరిగా బిగించలేదు. ఐసు లేదు, నీళ్ళే ఉన్నాయి. వేలు పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉన్నాయి.

ఆ టీకా ఇక పనికిరాదని నాకు తెలుసు. అది పుస్తకం చదివి తెలుసుకునే విషయం కూడా కాదు, మా ఉద్యోగంలో మొదటి పాఠం. సీసాలు పారేసి, మళ్ళీ తెచ్చి, ఇంకోరోజు వస్తానని చెప్పాలి. చెబితే ఎందుకు పాడయ్యాయో రాసివ్వాలి. నాకంటే తక్కువ చదివిన అధికారి ముందు తల వంచుకొని నిలబడాలి. నేను బండి తండా వైపే పోనిచ్చాను.

అప్పటికి పొద్దు బాగా ఎక్కింది. పటేలు వాకిట్లో నా బండిని దారిన పోయేవాళ్ళు చూడనే చూశారు. ఆడవాళ్ళు గంపల మీద రాళ్ళు పెట్టి, కూలికి పోకుండా కూర్చున్నారు. "తెల్లారంగ నుంచి గంపలు గావలి గాస్తున్నం సారూ, పటేలు దొర బర్రె దూడ మంచిగున్నదా?" అని యాడి తోడికోడలు గట్టిగానే అంది. అందరూ నవ్వారు. యాడి మాత్రం నవ్వకుండా కోళ్ళు పట్టి రెక్క విప్పి చూపిస్తూ కూర్చుంది, నేను సూది వేస్తూ పోయాను. నడుమ ఒక సీసా చేతికందించబోయి ఆగింది.

"సారూ, సీసా సల్లగ లేదేంది?"

"నీకు తెలుసా, నాకు తెలుసా?" అన్నాను.

ఆమె ఇంకో కోడిని పట్టింది.

కొన్ని వారాలకు కొక్కెర వచ్చింది. ముందు తోడికోడలి కోళ్ళు పోయాయి. ఆ కోళ్ళమ్మి రెండు మేకపిల్లలు కొనాలని ఆమె రెండేళ్ళుగా కూడబెడుతోంది. కూలినాలి చేసుకునే ఇంట్లో కోడి మేక అవుతుంది, మేక బర్రె అవుతుంది. ఆమె మొదటి మెట్టు మీదే ఉంది. తర్వాత తండా కోళ్ళన్నీ పోయాయి. యాడివి కూడా. ఆడవాళ్ళు చచ్చిన కోళ్ళను గంపల్లో వేసుకొని తరిగొప్పుల దవాఖాన ముందు గుమ్మరించారు. ఆ రోజే పైఅధికారి తనిఖీకి వచ్చి ఉన్నాడు. "టీకా వేశావా లేదా?" అని అందరి ముందూ అడిగాడు. వేశాను సార్ అన్నాను. "మరి ఎందుకు చచ్చినయి?"

అప్పుడు నా నోరు నన్ను అడక్కుండానే పని చేసిందని రాయాలని ఉంది. అది అబద్ధం. నేను ఆలోచించాను. ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాను. ఎవరు ఎదురు చెప్పలేరో చూసుకొని యాడి వైపు చేయి చూపాను.

"ఈమె ఏదో పసరు పొడి పెడుతుంది సార్. తండా అంతా పెట్టిస్తుంది. పసరు పడితే టీకా పట్టదు."

తోడికోడలు గిర్రున తిరిగింది. "ఏం బెట్టినవే మా కోళ్ళకు? చెప్పు, ఏం బెట్టినవ్? డాక్టరు సారు అబద్ధమాడుతడా?"

యాడి నా వైపు చూసింది. సీసా చల్లగా లేదని ఒక్క మాట అంటే చాలు. నేను దాని కోసమే ఎదురుచూశాను, అంటే కాదనడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె కొంగు తల మీదికి లాక్కొని ఖాళీ గంప చంకన పెట్టుకొని వెళ్ళిపోయింది.

నా మాట ఆమెకంటే ముందే తండా చేరింది. పక్క తండాలకూ పోయింది. పసరు పెడితే సూది పట్టదు, డాక్టరు సారే చెప్పిండు. ఆడవాళ్ళు ఎండబెట్టిన ఆకంతా పెంటల మీద పోశారు. తోడికోడలు ఆ ఇంటి నీళ్ళు ముట్టలేదు, ఆ వాకిలి తొక్కలేదు. ఇంతకీ మునగాకు టీకాను ఆపుతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అన్ని చదివినవాడు కాబట్టి నిజమే అయి ఉంటుందని అధికారి అనుకున్నాడు. నా చదువుకు గుర్తింపు వచ్చింది అంటే ఆ ఒక్కరోజే.

నాలుగు నెలల తర్వాత ఆమె మేకను తోలుకొని దవాఖానకు వచ్చింది. ఎవరూ లేరు. నేనే అడిగాను, ఆ రోజు ఎందుకు మాట్లాడలేదని.

"ఏమని మాట్లాడుదు? నిన్ను బదిలి జేస్తరు. ఇంకొకడు రానికె ఎన్నొద్దులు వడ్తదో, వచ్చినోడు తండాకొస్తడో రాడో. నా పొడి లేకుంటె కోడి జర సన్నబడ్తది, గంతే. సూది లేకుంటె సస్తది. ఏది గావాల్నో నువ్వే చెప్పు సారూ." మేక తాడు చేతికి చుట్టుకుంటూ అంది: "ఇగనన్న సల్లగ తెస్తవు గద?"

తెచ్చాను. దిగిపోయేదాకా ఏటేటా తెల్లవారకముందే, ఐసుతో, ఎక్కడా ఆగకుండా తెచ్చాను. అది ప్రాయశ్చిత్తం అనుకున్నాను. కాదు, అది నా జీతానికి చేయవలసిన పని. నేను చేయవలసింది ఒక్కటే, నలుగురిలో నోరు విప్పడం. అది చేయలేదు.

ఉద్యోగం దిగాక సహజ దాణాల మోజు వచ్చింది. ఆ రోజు పసరు పొడి మాట నమ్మిన అధికారే సభల్లో మునగాకు గురించి ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు పొట్లాల మీద ఆకుపచ్చ బొమ్మలేసి అమ్ముకున్నారు. వాళ్ళను చూసి కడుపు మండి, నా నోటు పుస్తకం దుమ్ము దులిపి ఈ పత్రికకు రాయడం మొదలుపెట్టాను. మహబూబాబాద్‌లో పిలిచి శాలువా కప్పారు. భూపాలపల్లిలో రైతులు నిలబడి చప్పట్లు కొట్టారు. "మీకు ఇదంతా ఎట్లా తెలిసింది సార్?" అని అక్కడొక ఆడమనిషి అడిగింది. ముప్పై ఏళ్ళ అనుభవం అన్నాను. ఆ పొడిని తండాలో దోషిగా నిలబెట్టింది నేను, సభల్లో దాని పేరు మీద దండలు వేయించుకున్నదీ నేను. అధికారులను, పొట్లాల వాళ్ళను ఇన్నాళ్ళు ఈ పేజీలో తిట్టాను. వాళ్ళు ఆమెను ఎరగరు. నేను ఆమె చేతి చాయ తాగాను.

మేకల బేరగాడు చెప్పిన మర్నాడే తండాకు పోయాను. యాడి కోడలు వాకిట్లో ఉంది. పరామర్శకు వచ్చినట్టు కూర్చొని, గొంతు తగ్గించి అంతా చెప్పాను. ఫ్లాస్కు, ఎండ, సీసా. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. చీర కుచ్చిళ్ళు సర్దుకొని లేచింది.

"గిది నా చెవుల చెప్తె ఏమొస్తది సారూ? మా అత్తను అన్నప్పుడు అందర్ల అన్నవు గద. చెప్పుడు గూడ అందర్లనే చెప్పు."

ఆమే ఇల్లిల్లూ తిరిగి పిలుచుకొచ్చింది. కూలి నుంచి అప్పుడే వచ్చిన ఆడవాళ్ళు, నలుగురైదుగురు మగవాళ్ళు, తండా పెద్ద. తోడికోడలు వాకిలి అవతల, బాట మీదే నిలబడింది. ఇప్పుడు ఆమె కూడా ముసలిదే. నాకు కుర్చీ వేశారు. కూర్చొని చెప్పలేకపోయాను, లేచాను. ఎన్నో సభల్లో గంటలు గంటలు మాట్లాడినవాడిని, ఇక్కడ చెప్పింది నాలుగే ముక్కలు. టీకా పాడైంది నా వల్ల. పాడైందని తెలిసే వేశాను. పొడి ఏ పాపం ఎరగదు. యాడికి ఆ రోజే తెలుసు.

తండా పెద్ద గొంతు సవరించుకున్నాడు. "పోనియ్ సారూ, పెద్దోనివైనవు, పాతది తవ్వుడెందుకు," అన్నాడు. ఒకామె అతని మీద విరుచుకుపడింది. "నీయి కోళ్ళు సచ్చినయా పోనియ్యనీకె? నువ్వు గుడ్డు తిన్నవు గని కోడిని సాదినవా?" ఇంకొకామె నా వైపు చేయి చాపి అడిగింది: "గిన్నేండ్లు ఏం జేసినవ్ సారూ? యాడి బతికున్నప్పుడు బాట గనవడలేదా నీకు?"

అప్పుడు కోడలు, ఎవరినీ చూడకుండా అంది: "ఆ పొడి ఎట్ల జేస్తరో మాకెవ్వలకు రాదు. మీరందరు పారబోసినంక మా అత్త ఎవ్వలకు నేర్పలే. నన్ను గూడ ముట్టనియ్యలే, నీకు గూడ చెడ్డపేరొస్తదే అన్నది." తర్వాత నాతో: "నీ దగ్గర రాసున్నదంట గద. తెచ్చియ్యి."

నోటు పుస్తకం ఇప్పుడు ఆ ఇంట్లో ఉంది. కోడలు పదో తరగతి చదివింది, నా రాత తప్పులు లేకుండా చదువుతుంది. ఇదివరకు ఈ పేజీలో మీరు చదివిన మునగాకు పొడి, చెదల కుండ, మోదుగ గింజ, సున్నపు తేట అన్నీ యాడివి. వాటితో బాగుపడిన కోళ్ళు మీ ఇళ్ళలో ఉంటే, మెచ్చుకుంటూ నాకు ఉత్తరం రాయకండి. టీకా కూడా వేయించండి. వేసేవాడి సీసాను చేత్తో ముట్టి చూడండి.

ఆ సాయంత్రం జనం పోయాక నేను బండి తీస్తున్నాను. తోడికోడలు ఇంకా బాట మీదే ఉంది. నన్ను చూడలేదు. మెల్లగా వాకిట్లోకి వచ్చి, యాడి కోళ్ళు ఐదారు మూలకు ముడుచుకొని ఉంటే, వాటికి కొంచెం దూరంలో మోకాళ్ళ మీద కూర్చుంది. కొంగు ముడి విప్పి గుప్పెడు నూకలు తీసి, చేయి చాపి, బా బా బా అని పిలిచింది. ఆ కోళ్ళకు ఆమె గొంతు తెలియదు. మెడలెత్తి చూశాయి గాని ఒక్కటీ కదల్లేదు. ఆమె చాపిన చేయి వెనక్కి తీయలేదు. బండిని తోసుకుంటూ నేను తండా దాటేదాకా ఆ పిలుపు వినబడుతూనే ఉంది.